చింతపండుతో తోమే ముందు ఒక్కసారి ఆగండి: పాత చైనా లోహపు సామాన్లను గుర్తుపట్టడం, కాపాడుకోవడం



ఈరోజు నా ముందు టేబుల్ మీద ఒక గిన్నె ఉంది. (గిన్నెను కెమెరాకు దగ్గరగా పెడుతూ) చూడండి. మూడు పొట్టి కాళ్లు, రెండు పక్కలా రెండు చెవులు, బొజ్జలా కిందికి జారిన నడుము. చూడ్డానికి అరచేతిలో పట్టేంతే ఉంది గానీ, ఎత్తితే చెయ్యి కిందికి లాగేస్తుంది. అంత బరువు. మా ఇంట్లో దీన్ని "రంగం గిన్నె" అంటారు. రంగం అంటే రంగూన్. మా వైజాగ్ వైపు పాతవాళ్లు అలాగే అంటారు.

మా తాతయ్య వాళ్లు రంగూన్‌లో చిన్న కొట్టు నడిపేవారు. 1962లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చింది. 1964లో కొట్లన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. మనవాళ్లు వేలమంది ఓడలెక్కి తిరిగొచ్చేశారు. నగలు, డబ్బు వెంట తెచ్చుకోవడానికి గట్టి ఆంక్షలు ఉండేవి. మా అమ్మమ్మ మూటలో మాత్రం ఈ గిన్నె వచ్చింది. పక్కింటి చైనా కుటుంబం ఇచ్చిందట. నల్లగా, మసిపట్టి ఉన్న గిన్నెను ఓడరేవులో ఎవరు పట్టించుకుంటారు?

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఇందులోనే సాంబ్రాణి. సుమారు యాభై ఏళ్లు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్తాను. ఇంజినీరింగ్ సెకండియర్‌లో ఉన్నప్పుడు, దీపావళికి ఇల్లు సర్దుతూ, అమ్మమ్మను సర్‌ప్రైజ్ చేద్దామని ఈ గిన్నె తీశాను. చింతపండు, ఉప్పు, పైన స్టీల్ పీచు. గంటన్నర తోమాను. బంగారంలా మెరిసిపోయింది. ఫోటో తీసి స్టేటస్ పెట్టాను కూడా. అమ్మమ్మ చూసి, "ఏట్రా ఇది? నా గిన్నేది?" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ రోజు ఏం పోయిందో నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది. మీకు అంత టైం పట్టకూడదనే ఈ ఎపిసోడ్.

ముందు లోహం ఏదో తెలుసుకుందాం

చైనా పాత సామాను అనగానే మనకు పింగాణీ గుర్తొస్తుంది. లోహంలో కూడా వాళ్లది పెద్ద చరిత్రే. మన చేతికి వచ్చే అవకాశం ఉన్నవి ఐదు రకాలు. గబగబా చెప్పేస్తాను.

ఒకటి, కంచు. రాగి, తగరం కలిపి పోసేది. షాంగ్, జౌ రాజవంశాల కాలంలో, అంటే మూడు వేల ఏళ్ల కిందట, చైనావాళ్లు పూజల కోసం కంచు పాత్రలు పోసేవారు. 1939లో ఆన్యాంగ్ దగ్గర తవ్వకంలో బయటపడ్డ ఒక పాత్ర సుమారు 833 కిలోలు ఉంటుంది. ఇప్పుడు బీజింగ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. అప్పట్లో మట్టి అచ్చును ముక్కలు ముక్కలుగా చేసి, అవన్నీ చుట్టూ పేర్చి, మధ్యలో కంచు పోసేవారు. అందుకే అసలు పాత్రల మీద ముక్కలు కలిసిన చోట సన్నటి గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు నగిషీకి అనుగుణంగా, ఒక లెక్క ప్రకారం ఉంటాయి. ఒక్క మాట: ఆన్‌లైన్‌లో ఎవరైనా "షాంగ్ కాలం నాటి పాత్ర, అర్జెంట్ సేల్" అంటే నమ్మకండి. నకిలీ అయితే మీ డబ్బు పోతుంది. అసలుదే అయితే ఎక్కడో సమాధి తవ్వి దొంగిలించింది అయ్యుండొచ్చు. రెండూ మనకు వద్దు.

రెండు, ఇత్తడి. రాగి, జింక్. జింక్‌ని తెలుగులో తుత్తునాగం అంటాం కదా. ఒకప్పుడు చైనా నుంచి ఓడల్లో వచ్చే జింక్‌ని యూరప్ వర్తకులు "టుటెనాగ్" అనేవారు. ఆ పేరు మన దక్షిణాది మాటకి దగ్గరి చుట్టం. నా గిన్నె ఇత్తడిదే.

మూడు, బైతుంగ్. అంటే తెల్ల రాగి. రాగి, నికెల్, జింక్ కలిసినది. వెండిలా కనిపిస్తుంది. ఒక్క చుక్క వెండి ఉండదు. యున్నాన్ ప్రాంతం దీనికి పేరు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో దీంతో కొవ్వొత్తి స్టాండ్లు చేసుకునేవారు. 1820ల్లో జర్మన్లు దీని కిటుకు పట్టుకుని సొంతంగా తయారు చేశారు. అదే మన పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్ట్‌గా ఇచ్చే జర్మన్ సిల్వర్! దాని ముత్తాత చైనాది అన్నమాట.

నాలుగు, తగరపు సామాను. టీ ఆకు డబ్బాలు, దీపపు సెమ్మెలు ఎక్కువ. షాన్‌టోవ్ రేవు పట్టణం, పాత పేరు స్వాటో, దీనికి ప్రసిద్ధి. మెత్తటి లోహం, గోరుతో నొక్కితే గీత పడొచ్చు. ఇందులో సీసం కలిసి ఉండే అవకాశం ఉంది. కాబట్టి పాత తగరపు డబ్బాలో టీ పొడి గానీ, తినే వస్తువులు గానీ పెట్టొద్దు.

ఐదు, వెండి. 19వ శతాబ్దంలో కాంటన్, షాంఘై, హాంకాంగ్‌లలో విదేశీయుల కోసం చేసిన వెండి సామాను. వెదురు, డ్రాగన్, చామంతి డిజైన్లు ఎక్కువ. అడుగున ఇంగ్లీషు అక్షరాలు, పక్కన చైనా అక్షరాల ముద్ర, ఒక్కోసారి 90 అనే అంకె ఉంటాయి. 90 అంటే వందలో తొంభై పాళ్లు వెండి అని చెప్పడం. ఉదాహరణకి డబ్ల్యూ, హెచ్ అక్షరాలు ఉంటే వాంగ్ హింగ్ అనే కొట్టు. ఇంకా పాతవాటి మీద ఇంగ్లండ్ వెండి ముద్రల్ని చూసి కొట్టిన నకలు ముద్రలు ఉంటాయి. వాటిని చూసి ఇంగ్లీషు వెండి అని పొరబడినవాళ్లు ఎంతోమంది.

వీటికి తోడు రాగి మీద తీగలు అతికించి, మధ్యలో రంగు గాజు పొడి నింపి కాల్చే సామాను ఉంది. మనం మీనాకారీ అంటామే, దానికి దాయాది. చైనాలో దీన్ని జింగ్‌తాయ్‌లాన్ అంటారు. 1450ల నాటి మింగ్ చక్రవర్తి కాలం పేరు మీద వచ్చింది.

ఇంట్లో చేసుకోగల టెస్ట్ ఒకటే చెప్తా: అయస్కాంతం. కంచు, ఇత్తడి, వెండి, తగరం దేనికీ అది గట్టిగా అతుక్కోదు. టక్కున అతుక్కుందంటే లోపల ఇనుము ఉంది, పైన పూత. ఇక గీకి చూడటం, యాసిడ్ చుక్క వేయడం, సుత్తితో కొట్టి మోగుతుందా అని వినడం, ఇవేమీ చేయకండి. ప్లీజ్.

అడుగున ముద్ర ఉంటే?

ఇక నా గిన్నె దగ్గరికి వద్దాం. (గిన్నెను తిప్పి అడుగు చూపిస్తూ) ఇక్కడ చతురస్రంలో ఆరు అక్షరాలు కనిపిస్తున్నాయా? పై నుంచి కిందికి, కుడి నుంచి ఎడమకి చదవాలి. అర్థం ఏంటంటే, "మహా మింగ్ రాజ్యం, షువాందే కాలంలో చేసినది".

షువాందే కాలం అంటే 1426 నుంచి 1435 దాకా. అంటే నా చేతిలో ఉన్నది దాదాపు 600 ఏళ్ల నాటి గిన్నె!

ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎడ్యుకేషన్ లోన్ ఉంది, ఇల్లు రిపేర్ ఉంది, మనసులో లెక్కలన్నీ అయిపోయాయి. ఫోటోలు ఒకాయనకి పంపాను. ఆయన ఫోన్ చేసి, "కోట్లలో ఉంటుంది తమ్ముడూ, ముందు వాల్యుయేషన్ ఫీజు కట్టండి" అన్నాడు. అమ్మ ఒక్కటే అంది: "కోట్లు ఇచ్చేవాడు వేలు ఎందుకు అడుగుతున్నాడ్రా?" అక్కడితో ఆగాను. ఫ్రెండ్స్, మీరూ ఆగండి. వస్తువు చూడకుండా రేటు చెప్పి, ముందే ఫీజు అడిగేవాడితో మాట కట్ చేసేయండి.

అసలు సంగతి ఏంటంటే, షువాందే ముద్ర ఉన్న ధూపపాత్రల్లో చాలా చాలా భాగం ఆ కాలానివి కావు. ఆ చక్రవర్తి కాలపు పాత్రలకి ఎంత పేరొచ్చిందంటే, తర్వాత మింగ్ చివరి రోజుల్లో, చింగ్ వంశం నడిచినంత కాలం, 20వ శతాబ్దంలో కూడా అదే ఆకారం, అదే ముద్ర వేసి పోస్తూనే ఉన్నారు. అన్నీ మోసం కోసం చేసినవే అనుకోకండి. పాత గొప్పదనానికి దండం పెట్టడం అనేది చైనా పనివాళ్లలో ఒక సంప్రదాయం. అందుకే గుర్తుంచుకోండి: ముద్ర కాలం చెప్పదు. ఏ కాలాన్ని గౌరవించి చేశారో చెప్తుంది, అంతే.

మరి ఏం చూడాలి? నేను నేర్చుకున్నవి చెప్తాను.

మొదటిది, ముద్ర అంచులు. మంచి పనివాడు పోత అయ్యాక ఉలితో అక్షరాల అంచులు శుభ్రం చేస్తాడు. అక్షరం పదునుగా, అడుగు సమంగా ఉంటుంది. వస్తువు మీద నుంచి అచ్చు తీసి పోసిన నకలులో అక్షరాలు నానిన సబ్బు మీద రాతలా ఉంటాయి. మధ్యలో చిన్న చిన్న గాలి బుడగల గుంటలు.

రెండోది, అరుగుదల. వందేళ్లు వాడిన వస్తువు ఎక్కడ అరుగుతుంది? కాళ్ల చివర, చెవుల కింద, చెయ్యి తగిలే చోట. నేల తగలని మూలలు కూడా అరిగి, కాళ్లు మాత్రం కొత్తగా ఉన్నాయంటే, ఎవరో కావాలని అరగదీశారు.

మూడోది, రంగు. లోహం మీద ఏళ్ల తరబడి ఏర్పడే పొరని పటీనా అంటారు. అది ఒకేలా ఉండదు. చేతులు తగిలే చోట వెచ్చటి గోధుమ రంగు, గాడుల్లో ముదురు, లోపల మసి. కొత్తవాటికి యాసిడ్‌తోనో రంగుతోనో ఒక్కరోజులో పచ్చదనం తెప్పిస్తారు. అది అంతటా ఒకేలా, పైన పూసినట్టు ఉంటుంది.

నాలుగోది, ఇంగ్లీషు అక్షరాలు. అడుగున చైనా అని ఇంగ్లీషులో ఉంటే చాలావరకు 1891 తర్వాతది అనుకోవచ్చు. 1890లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, అక్కడికి దిగుమతి అయ్యే సరుకు మీద ఏ దేశానిదో ఇంగ్లీషులో రాయాలి. అయితే ఆ మాట లేనంత మాత్రాన పాతది అయిపోదు. అమెరికాకి వెళ్లని సరుకు మీద రాయాల్సిన పని లేదు కదా.

ఇప్పుడు నా బాధ అర్థమైందా? ఈ నాలుగింటిలో మూడోది, పటీనా, నేను గంటన్నరలో చెరిపేశాను. రెండోది, అరుగుదల, స్టీల్ పీచు గీతల కింద దాచేశాను. తర్వాత గిన్నెను చేతిలోకి తీసుకుని చూసిన తెలిసినాయన ఒకరు అన్నారు: "పోత బాగుంది, ముద్ర శుభ్రంగా ఉంది, చింగ్ కాలం చివరిది అయ్యుండొచ్చు. కానీ పైపొర ఉంటే ఇంకా గట్టిగా చెప్పగలిగేవాణ్ణి." రేటు తగ్గింది సరే. దాని వయసు చెప్పే సాక్ష్యాన్ని నేనే తుడిచేశాను. అదీ అసలు నష్టం.

ఏం చేయొద్దు, ఎందుకు చేయొద్దు

మనిళ్లలో ఇత్తడి బిందెలు, రాగి చెంబులు చింతపండుతో తోముతాం. రోజూ వాడే సామానుకి అది కరెక్టే. పులుపు పైపొరని కరిగిస్తుంది. పాత వస్తువుకి ఆ పైపొరే చర్మం లాంటిది.

ఉప్పు ఇంకా డేంజర్. ఉప్పులో క్లోరైడ్ ఉంటుంది. కడిగినా గాడుల్లో, చిన్న గుంటల్లో కొంచెం మిగిలిపోతుంది. రాగి ఉన్న లోహం మీద క్లోరైడ్, గాలిలో తేమ, ఆక్సిజన్ కలిస్తే ఒక గొలుసుకట్టు చర్య మొదలవుతుంది. అందులో పుట్టే యాసిడ్ మళ్లీ లోహాన్ని తింటుంది, మళ్లీ పొడి వస్తుంది. దీన్ని బ్రాంజ్ డిసీజ్ అంటారు, అంటే కంచుకి వచ్చే జబ్బు. ఎక్కువగా భూమిలో నుంచి తీసిన కంచుకి వస్తుంది.

గుర్తుపట్టడం ఇలా: గట్టిగా, నున్నగా, ముదురు ఆకుపచ్చ రంగులో ఉంటే అది మామూలు పటీనా, భయం లేదు. లేత ఆకుపచ్చ పొడి, సుద్దలా రాలుతూ, మెత్తటి బ్రష్‌తో దులిపినా కొన్నాళ్లకి అదే చోట మళ్లీ వస్తే, అది జబ్బు. అలాంటి వస్తువుని వెంటనే వేరుగా పెట్టండి. గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ ప్యాకెట్లతో పాటు. తేమ 40 శాతం లోపు ఉంటే ఆ చర్య బాగా నెమ్మదిస్తుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మామూలు గదిలో ఆ లెవెల్ రాదు. అందుకే డబ్బా. తేమ కొలిచే చిన్న మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది కూడా లోపల పెట్టండి. తర్వాత వైద్యం మన పని కాదు. మ్యూజియంల సంరక్షణ నిపుణులని అడగాలి. లక్నోలో దీనికోసమే కేంద్ర ప్రభుత్వ పరిశోధనాశాల ఉంది.

వెండి సంగతి. రీల్స్‌లో ఒక హ్యాక్ తెగ తిరుగుతోంది: అల్యూమినియం ఫాయిల్, వంట సోడా, వేడి నీళ్లు, రెండు నిమిషాల్లో తళతళ. పనిచేస్తుంది, అబద్ధం కాదు. కానీ చెక్కుడు పని ఉన్న పాత వెండికి అది చేయొద్దు. గాడుల్లో ఉండే నలుపే డ్రాగన్ పొలుసుల్ని, వెదురు కణుపుల్ని మన కంటికి చూపించేది. ఆ నీళ్లు నలుపు మొత్తం లాగేస్తాయి, బొమ్మ చప్పిడిగా తయారవుతుంది. బోలు పిడుల్లోకి నీళ్లు దిగితే లోపల ఏం జరుగుతుందో కనపడదు. మెత్తటి పొడి కాటన్ గుడ్డ చాలు. పాలిష్ చేసిన ప్రతిసారీ కొంచెం వెండి పోతుందని గుర్తుపెట్టుకోండి. రబ్బర్ బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు దగ్గర పెట్టొద్దు. వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

మీనా పనిని నీళ్లలో నానబెట్టొద్దు. అది గాజు. పగుళ్లలోంచి నీళ్లు దిగితే కింద రాగికి తుప్పు. పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, అంతే.

తగరం తక్కువ వేడికే కరుగుతుంది. పొయ్యి దగ్గర, దీపం పక్కన పెట్టొద్దు.

అన్నిటికీ వర్తించేది: చేతులు శుభ్రంగా కడిగి, ఆరాక పట్టుకోండి. వీలైతే నైట్రైల్ గ్లవ్స్. చెమటలో ఉప్పు ఉంటుంది, వేలిముద్ర లోహం మీద అచ్చు పడిపోతుంది. చెవులు పట్టుకుని ఎత్తొద్దు, రెండు చేతులతో అడుగు పట్టుకోండి.

ఫోటో ఎలా తీయాలి

ఎవరికైనా చూపించాలంటే ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి పడేలా పెట్టండి. ముందు, వెనక, లోపల, అడుగు, ముద్ర దగ్గరగా, చెవి అతికిన చోటు, కాలి చివర. పక్కన ఒక స్కేలు పెట్టండి. అనువాదం చేసే కెమెరా యాప్‌లు ఈ ముద్రల దగ్గర చాలాసార్లు తడబడతాయి, ఎందుకంటే చాలా ముద్రలు మామూలు రాతలో కాకుండా పాత ముద్ర లిపిలో ఉంటాయి.

ఫోటోతో పాటు ఇంకోటి దాచండి: వస్తువు కథ. ఎవరు తెచ్చారు, ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరం. పాత ఫోటోలో వెనక ఎక్కడైనా కనిపిస్తోందా చూడండి. పెద్దవాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేయండి. ప్రపంచంలో ఇప్పుడు చైనా పాత వస్తువు అనగానే మొదటి ప్రశ్న, "ఎలా వచ్చింది?" అనే. 1860లో బ్రిటిష్, ఫ్రెంచ్ సైన్యాలు బీజింగ్ వేసవి ప్రాసాదాన్ని దోచుకున్నప్పుడు, అక్కడి ఫౌంటెన్‌లోని పన్నెండు జంతువుల కంచు తలలు చెల్లాచెదురయ్యాయి. వాటిలో ఏడు తలలు చైనాకి తిరిగి చేరడానికి నూట అరవై ఏళ్లు పట్టింది. చరిత్ర తెలియని వస్తువుకి ఇల్లు ఉండదు.

మన చట్టం కూడా ఒక ముక్క. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి కళావస్తువుల్ని మనం సొంతంగా దేశం దాటించి అమ్మకూడదు. "ఫారిన్ బయ్యర్ ఉన్నాడు, కొరియర్ చేసేయండి" అంటే చేయకండి.

అసలైన మంచి వస్తువులు కళ్లతో చూసి కన్ను అలవాటు చేసుకోవాలంటే హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియంకి వెళ్లండి. చైనా, జపాన్ విభాగాల్లో కంచు, మీనా పనులు ఉన్నాయి. గంట నిలబడి చూస్తే, వంద వీడియోల కంటే ఎక్కువ తెలుస్తుంది. నా వీడియోతో కలిపి.

చివరిగా

ఇదంతా నేర్చుకున్నాక నేను గిన్నెను గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, బీరువాలో దాచేశాను. పెద్ద సంరక్షకుణ్ణి అయిపోయాను కదా. రెండు శుక్రవారాలు అమ్మమ్మ ఏమీ అనలేదు. మూడో శుక్రవారం, "సాంబ్రాణి వెయ్యకపోతే అది గిన్నె ఎలాగవుద్దిరా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు వెతికితే తెలిసింది. చైనాలో ఈ పాత్రల్ని ఎలా వాడేవారంటే, నిప్పు నేరుగా లోహం మీద పెట్టరు. ముందు పాత్రలో మెత్తటి బూడిద నింపుతారు. బొగ్గు ముక్కని ఆ బూడిదలో పూడ్చి, పైన ధూపం. బూడిద వేడిని మింగేస్తుంది, లోహానికి దెబ్బ తగలదు.

ఇప్పుడు అలాగే చేస్తున్నాం. జల్లించిన బూడిద మూడొంతులు, చిన్న బొగ్గు ముక్క, పైన చిటికెడు సాంబ్రాణి. తర్వాత పొడి గుడ్డతో తుడవడం, అంతే. తోమడం లేదు. పదేళ్లయింది. (చెవి పక్క భాగాన్ని దగ్గరగా చూపిస్తూ) ఇక్కడ చూడండి, అమ్మమ్మ వేళ్లు పట్టుకునే చోట మెల్లగా గోధుమ రంగు తిరిగొస్తోంది. పాతది రాదు. ఇది కొత్త పొర. దీన్నైనా ఎవరూ తోమకుండా చూసుకుంటాను.

మీ ఇంట్లో అటక మీద, దేవుడి గదిలో ఇలాంటిది ఏదైనా ఉంటే, ఈ దసరా శుభ్రాల్లో తోమే ముందు ఒక్కసారి తిప్పి అడుగు చూడండి. పక్కన అమ్మమ్మో నానమ్మో ఉంటే, ముందు ఆవిడని అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.